మందపాటి ఉక్కు కట్టడాల్లో వెల్డింగ్ డిస్టార్షన్: ముందుగా లెక్కించడం, తగ్గించడం

సభకు నమస్కారం.

ఫ్యాబ్రికేషన్ షాపుల్లో డిస్టార్షన్, అంటే వెల్డింగ్ వేడికి లోహం వంకరపోవడం, అన్న మాట వచ్చినప్పుడల్లా అదేదో వెల్డింగ్ అయిపోయాక వచ్చిపడే పీడ అన్నట్టే మాట్లాడుకుంటాం. వంగిన ప్లేటుకు ఎక్కడ మంట పెట్టాలి, ఏ జాకీతో ఎంత నొక్కాలి, ఎంత గ్రైండ్ చేస్తే కొలత కుదురుతుంది అన్న చర్చే ఎక్కువగా నడుస్తుంది. పలుచని రేకుల విషయంలో ఆ చర్చకు కొంత అర్థం ఉంది కానీ, 60, 100 మిల్లీమీటర్ల మందమున్న ప్లేటు ఒకసారి వంగిపోయాక దాన్ని తిరిగి దారికి తేవడం చాలా సందర్భాల్లో కుదిరే పని కాదు. మందపాటి కట్టడంలో వంకర ఎంత వస్తుందన్నది ఆర్క్ వెలిగించక ముందే, డ్రాయింగ్‌లో గాడి (వెల్డ్ లోహం నింపేందుకు ప్లేట్ల అంచుల మధ్య తీసే ఖాళీ) ఆకారాన్నీ పాసుల (గాడి వెంట ఒక్కోసారి వేసే వెల్డ్ పొరల) వరుసనూ నిర్ణయించిన రోజే చాలావరకు తేలిపోతుంది. కాబట్టి దాన్ని ముందుగా లెక్కించవచ్చు. అయితే ఆ లెక్క నుంచి ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో తెలిసి ఉండాలి. ఇన్ని మిల్లీమీటర్లు వంగుతుందని అది చెప్పే మాట కన్నా, ఈ పద్ధతి కంటే ఆ పద్ధతిలో సగమే వంగుతుందని చెప్పే మాటను ఎక్కువగా నమ్మవచ్చు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా లోహంలో జరిగేదేమిటో చూద్దాం. మామూలు కార్బన్ ఉక్కు వ్యాకోచ గుణకం డిగ్రీకి పది లక్షల్లో సుమారు 12 వంతులు. దాని బిరుసును చెప్పే యంగ్ గుణకం దాదాపు 200 గిగాపాస్కల్స్. యీల్డ్ ప్రతిబలం, అంటే లోహం శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే ప్రతిబలం, 250 మెగాపాస్కల్స్ అనుకుందాం. ఏమాత్రం కదలని రెండు గోడల మధ్య బిగించిన ఉక్కు కడ్డీని వేడి చేస్తే అది పొడవు పెరగాలని చూస్తుంది, గోడలు పెరగనివ్వవు, ఆ పెనుగులాట కడ్డీలో నొక్కుడు ప్రతిబలంగా పేరుకుంటుంది. పై మూడు సంఖ్యలతో లెక్క వేస్తే, గది ఉష్ణోగ్రత మీద 100 డిగ్రీల పైచిలుకు వేడెక్కేసరికే ఆ ప్రతిబలం యీల్డ్‌ను తాకుతుంది. అక్కడి నుంచి వేడెక్కిన ప్రతి డిగ్రీకీ కడ్డీ శాశ్వతంగా అణిగిపోతూ ఉంటుంది. దాన్ని చల్లార్చితే మొదటి పొడవుకు రాదు, పొట్టిదవుతుంది.

వెల్డింగ్‌లో ఆ గోడల పాత్రను పక్కనున్న చల్లని లోహమే పోషిస్తుంది. ఉక్కు కరిగేది 1500 డిగ్రీల దగ్గర. మనకు శాశ్వత వికృతి (రూపంలో మార్పు) మొదలవడానికి 100 డిగ్రీల తేడా చాలు. అంటే వెల్డ్‌కు ఇరుపక్కలా, కరిగిన భాగం కన్నా ఎంతో వెడల్పైన పట్టీ అంతా వేడెక్కే దశలోనే నొక్కుకుపోయి ఉంటుంది. పైగా ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ యీల్డ్ పడిపోతుంది. 700, 800 డిగ్రీలు దాటాక ఉక్కులో ప్రతిఘటన పేరుకే మిగులుతుంది. చల్లారేటప్పుడు కథ తిరగబడుతుంది. కరిగే ఉష్ణోగ్రత నుంచి గది ఉష్ణోగ్రతకు స్వేచ్ఛగా చల్లారితే ఉక్కు మీటరుకు కనీసం 18 మిల్లీమీటర్లు కుదించుకుపోవాలి. చుట్టూ ఉన్న చల్లని లోహం అందులో చిన్న భాగాన్నే ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న భాగం మన కంటికి డిస్టార్షన్‌గా కనిపిస్తుంది. ఒప్పుకోని భాగంలో కొంత వేడి లోహం సాగడంలో ఖర్చవుతుంది, మిగిలినది యీల్డ్ స్థాయిని అందుకునే లాగుడు ప్రతిబలంగా లోపల నిలిచిపోతుంది. డిస్టార్షన్, అవశేష ప్రతిబలం రెండూ ఒకే శాశ్వత వికృతి నుంచి పుట్టినవే. ఒకదాన్ని బిగింపుతో అణిచిపెడితే రెండోది పెరుగుతుంది. ఈ బేరం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ ఉక్కు ఎందుకు ఎక్కువగా వంగుతుందని తరచూ అడుగుతుంటారు. దాని వ్యాకోచం కార్బన్ ఉక్కు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఉష్ణ వాహకత మూడో వంతు మాత్రమే. వేడి పక్కలకు పాకిపోకుండా వెల్డ్ దగ్గరే నిలబడుతుంది, నిలబడిన చోట లోహం ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఈ రెండూ ఒకే దిశలో పనిచేస్తాయి కాబట్టి, కార్బన్ ఉక్కులో కుదిరిన క్రమాన్ని యథాతథంగా స్టెయిన్‌లెస్‌కు వాడితే కుదరదు.

మందపాటి ప్లేట్లకు సొంత స్వభావం ఒకటి ఉంది. పలుచని రేకు అలలు అలలుగా ఉబ్బుతుంది, ఎందుకంటే పొడవు వెంట పడిన నొక్కుడుకు అది నిలబడలేదు. 60 మిల్లీమీటర్ల ప్లేటుకు ఆ బెడద దాదాపు లేదు. అక్కడ మనల్ని వేధించేవి వెల్డ్‌కు అడ్డంగా జరిగే కుదింపు, ప్లేట్లు రెక్కల్లా పైకి లేచే కోణీయ వంపు, పొడవాటి దూలాలైతే విల్లులా వంగడం. పలుచని రేకును ఒకటి రెండు పాసుల్లో ముగిస్తాం. ఇక్కడ పదుల కొద్దీ పాసులు ఒకదాని మీద ఒకటి పడతాయి, ప్రతి పాసూ అంతకు ముందు పడిన వాటిని మళ్లీ వేడి చేస్తుంది.

దీన్ని కాస్త దగ్గరగా గమనిద్దాం. 60 మిల్లీమీటర్ల మందమున్న రెండు ప్లేట్లకు ఒకవైపు నుంచి వి ఆకారపు గాడి తీసి, అంచుల మీద డయల్ గేజీలు పెట్టి, ఒక్కో పాసు చల్లారాక ముల్లు ఎక్కడుందో రాసుకుంటూ పోయామనుకోండి. గాడి అడుగున వేసే రూట్ పాసు పడినప్పుడు రెండు ప్లేట్లూ ఒకదాని వైపు మరొకటి జరుగుతాయి. అడ్డంగా జరిగే కుదింపులో పెద్ద వాటా ఈ తొలి పాసులదే, ఎందుకంటే వాటిని అడ్డుకునేందుకు గాడిలో ఇంకా లోహమేమీ లేదు. ఆ తరువాత ఒక్కో పాసు కలిపే కుదింపు తగ్గుతూ వస్తుంది. మొత్తం కుదింపు నింపిన లోహపు బరువుతో పాటు సూటిగా పెరగదు, దాదాపు దాని సంవర్గమానంతో పెరుగుతుందని ప్రయోగాల్లో చాలా కాలం కిందటే తేలింది. కోణీయ వంపు తీరు వేరు. అడుగున రూట్ గట్టిపడి మడతబందులా పనిచేయడం మొదలుపెట్టాక, దాని పైన పడే ప్రతి పొర తాను కుదించుకుంటూ ప్లేట్ల రెక్కలను పైకి లాగుతుంది. గాడి సగం నిండేసరికి ఆ బందు మందమై గట్టిపడుతుంది, కానీ కొత్త పొర అంతకంతకూ పైన, అంతకంతకూ వెడల్పుగా పడుతుంది కాబట్టి లాగే మీట కూడా పొడవవుతుంది. ఒకవైపు నుంచే నింపుతున్నంత సేపూ ముల్లు ఒకే దిశలో జరుగుతూ ఉంటుంది, వెనక్కి రాదు.

ఇక లెక్కకు వద్దాం. సూపర్ కంప్యూటర్ల కన్నా ముందే చేతి లెక్కలున్నాయి, అవి ఇప్పటికీ పనికొస్తాయి. అడ్డపు కుదింపుకు బాగా ప్రచారంలో ఉన్న సూత్రం ఇది: వెల్డ్ అడ్డుకోత వైశాల్యాన్ని ప్లేటు మందంతో భాగించి 0.2తో గుణించాలి, దానికి రూట్ గ్యాప్‌ను, అంటే గాడి అడుగున ప్లేట్ల మధ్య ఖాళీని, 0.05తో గుణించి కలపాలి. మరో మోటు సూత్రం ఇంకా సులువు: వెల్డ్ సగటు వెడల్పులో పదో వంతు. మన 60 మిల్లీమీటర్ల ప్లేటుకు 60 డిగ్రీల సింగిల్ వి గాడి, 3 మిల్లీమీటర్ల రూట్ గ్యాప్ తీసుకుంటే, నింపవలసిన వైశాల్యం దాదాపు 2260 చదరపు మిల్లీమీటర్లు. మొదటి సూత్రం 7.7 మిల్లీమీటర్ల కుదింపు చెబుతుంది, రెండోది 3.8 అంటుంది. రెండింటి మధ్య రెట్టింపు తేడా. ఇలాంటి లెక్కను ఎవరు నమ్ముతారని మీరు అడగవచ్చు.

ఇప్పుడు అదే ప్లేటుకు రెండువైపులా డబుల్ వి గాడి తీద్దాం. వైశాల్యం దాదాపు 1220 చదరపు మిల్లీమీటర్లకు పడిపోతుంది. మొదటి సూత్రం 4.2 అంటుంది, రెండోది 2.0 అంటుంది. మళ్లీ పొంతన లేదు. కానీ ఒక్క విషయంలో రెండు సూత్రాలూ చేయి కలిపాయి: డబుల్ వి వాడితే కుదింపు దాదాపు సగానికి దిగుతుంది. అసలు కుదింపు మీ షాపులోని బిగింపు మీద, వేడి మీద, టాక్‌ల (ప్లేట్లను కుదురుగా పట్టే చిన్న తాత్కాలిక వెల్డ్‌ల) మీద ఆధారపడి ఈ సంఖ్యల మధ్యలోనో, వాటి పక్కనో ఎక్కడో ఉంటుంది. ఎన్ని మిల్లీమీటర్లన్న దాని మీద వాదులాడుకోవచ్చు గానీ, గాడి ఎంపిక గురించి సందేహపడనక్కరలేదు. మొదట నేను చెప్పిన మాటకు అర్థం ఇదే, ఖరీదైన సాఫ్ట్‌వేర్ లెక్కలకూ ఇదే వర్తిస్తుంది.

విల్లులా వంగడానికి మరో చేతి సూత్రముంది. వెల్డ్ వైశాల్యాన్ని, దూలపు తటస్థ అక్షం నుంచి వెల్డ్‌కున్న దూరాన్ని, పొడవు వర్గాన్ని గుణించి, అడ్డుకోత జడత్వ భ్రామకంతో భాగించి, 0.005తో గుణించాలి. 10 మీటర్ల దూలానికి 8 మిల్లీమీటర్ల ఫిల్లెట్లు (మూలలో వేసే త్రికోణపు వెల్డ్‌లు) రెండు, అక్షానికి 150 మిల్లీమీటర్ల దూరంలో వేశారనుకుందాం. జడత్వ భ్రామకం 50 కోట్ల మి.మీ.⁴ అనుకుంటే దూలం మధ్యలో వంపు 9.6 మిల్లీమీటర్లు వస్తుంది. వెల్డరు భద్రత కోసమని ఆ ఫిల్లెట్లను 12 మిల్లీమీటర్లకు పెంచితే వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది, వంపు 21.6కు చేరుతుంది. బలం పెరిగిందని సంతోషించే ముందు, డ్రాయింగ్ అడగని ఆ 4 మిల్లీమీటర్లు దూలాన్ని 12 మిల్లీమీటర్లు అదనంగా వంచాయని గుర్తుంచుకోవాలి. షాపుల్లో అడగకుండా జరిగే నష్టాల్లో ఇది ముందు వరసలో ఉంటుందని నా అభిప్రాయం. ఫిల్లెట్ గేజీని తక్కువ పడిన వెల్డ్‌ను పట్టడానికే వాడుతున్నారు. మించిపోయిన వెల్డ్‌ను పట్టడానికి వాడేవాళ్లు అరుదు.

చేతి సూత్రాలు ఒక్కో జాయింటుకు సరిపోతాయి. పదుల జాయింట్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే కట్టడానికి, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటరుతో చేసే ఫైనైట్ ఎలిమెంట్ లెక్క కావాలి. ఈ దారిలో మైలురాళ్లు కొన్ని చెబుతాను. కదిలే ఉష్ణ మూలం చుట్టూ ఉష్ణోగ్రత ఎలా పరుచుకుంటుందో రోజెంథాల్ 1940ల్లో గణిత రూపంలో ఇచ్చాడు. 1970ల తొలినాళ్లలో జపాన్‌లో ఉయెడా, అమెరికాలో హిబిట్, మార్సల్ వంటివారు ఉష్ణోగ్రతతో పాటు మారే యీల్డ్‌ను లెక్కలోకి తీసుకుని ఎలాస్టిక్ (తిరిగి మామూలయ్యే), ప్లాస్టిక్ (శాశ్వత) వికృతులను కంప్యూటరుతో గణించడం మొదలుపెట్టారు. 1984లో గోల్డాక్ బృందం ఆర్క్ వేడిని ఒక బిందువుగా కాక, ముందు సగం, వెనక సగం వేర్వేరు పొడవులున్న దీర్ఘవృత్తఘనంగా పరిచే నమూనాను ఇచ్చింది. ఈనాటి వెల్డింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆ నమూనా మీదే నడుస్తున్నాయి.

ఆ లెక్కలో ఏముంటుందంటే, ముందు ఉష్ణ ప్రవాహాన్ని సాధిస్తారు, తరువాత ఆ ఉష్ణోగ్రతలను భారంగా ఇచ్చి వికృతులను సాధిస్తారు. వెల్డ్ దగ్గర మెష్ గడి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకూడదు, ఆర్క్ కొద్దికొద్దిగా కదిలినప్పుడల్లా మళ్లీ లెక్క కట్టాలి, పాసు పడేకొద్దీ కొత్త ఎలిమెంట్లను జీవం పోసినట్టు కలుపుతూ పోవాలి. చిన్న నమూనాకు ఇది సాధ్యమే. పది మీటర్ల పీడన పాత్రకు, వందల పాసులకు ఇదే పని పెట్టుకుంటే లెక్క ముగిసేలోపు పాత్ర తయారై వెళ్లిపోతుంది. అందుకే ఉయెడా 1975 ప్రాంతంలో ప్రతిపాదించిన స్వతస్సిద్ధ వికృతి పద్ధతి ఈ రోజుకీ మందపాటి కట్టడాలకు ప్రాణాధారంగా ఉంది. ఒక చిన్న జాయింటు నమూనా మీద పూర్తి లెక్క చేసి, చల్లారాక వెల్డ్ చుట్టూ మిగిలే శాశ్వత వికృతిని మాత్రం బయటికి తీస్తారు. దాన్ని మొత్తం కట్టడపు నమూనాలో ఆయా జాయింట్ల వద్ద పెట్టి, ఒక్క ఎలాస్టిక్ లెక్కతో వంకరను రాబడతారు. రోజుల పని నిమిషాలకు దిగుతుంది, పది రకాల వరుసలను పోల్చి చూసే తీరిక దొరుకుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాటవేసి చాలామంది దెబ్బతింటారు. ఆ శాశ్వత వికృతి జాయింటు బిగింపును బట్టి మారుతుంది. స్వేచ్ఛగా ఉన్న చిన్న ప్లేటు మీద తీసిన విలువను, నాలుగు వైపులా పక్కటెముకల్లాంటి బలపు పట్టీలు అతికి ఉన్న జాయింటులో పెడితే జవాబు తప్పుతుంది. వెల్డింగ్ వరుస మారినప్పుడు ప్రతి జాయింటు బిగింపూ మారుతుంది కాబట్టి, వరుసలను పోల్చే లెక్కలో కనీసం రెండు మూడు బిగింపు స్థాయిలకు వేర్వేరు విలువలు తీసి పెట్టుకోవాలి. టాక్‌లు, జాయింటులోని ఖాళీలు కూడా నమూనాలోకి రావాలి. ప్లేట్లు మొదటి నుంచీ ఒకే ముక్కగా అతికి ఉన్నాయన్నట్టు లెక్కిస్తే, అసలు జాయింటు మూసుకుపోయేటప్పుడు జరిగే కదలిక అంతా మాయమవుతుంది.

లెక్క తప్పడానికి ఇంకో దారి లోహ గుణాలు. యీల్డ్, వ్యాకోచం, వాహకత, విశిష్టోష్ణం ఇవన్నీ కరిగే ఉష్ణోగ్రత వరకూ కావాలి, దొరికేది తరచూ 600, 700 డిగ్రీల వరకే. మిగతాది ఊహే. అదృష్టవశాత్తూ అక్కడ యీల్డ్ అంత తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ ఊహ డిస్టార్షన్‌ను అంతగా చెడగొట్టదు. గట్టిపడే నమూనా ఎంపిక మాత్రం చెడగొడుతుంది: ఒకే బిందువు ప్రతి పాసుకీ ఒకసారి నొక్కుకుని ఒకసారి సాగుతుంది కదా, దాన్ని ఎప్పుడూ గట్టిపడుతూ పోయేదిగా చూపిస్తే లోపలి ప్రతిబలాలు ఉన్న దానికన్నా ఎక్కువగా వస్తాయి. బలమైన మిశ్రమ ఉక్కుల్లో మరొకటి ఉంది. చల్లారేటప్పుడు ఆస్టెనైట్ అనే స్ఫటిక రూపం మార్టెన్‌సైట్ అనే మరో రూపంగా మారుతూ ఘనపరిమాణం పెంచుకుంటుంది, ఆ పెరుగుదల కుదింపులో కొంత భాగాన్ని రద్దు చేస్తుంది. దాన్ని వదిలేస్తే కొన్ని చోట్ల ప్రతిబలపు గుర్తే (లాగుడా, నొక్కుడా అన్నదే) తారుమారవుతుంది.

కాబట్టి లెక్కను కొలతతో సరిచూడకుండా ఎవరికీ చూపించకండి. థర్మోకపుల్ రికార్డు, కోసి పాలిష్ చేసి, కరిగిన భాగం కనబడేలా ఆమ్లం పూసిన వెల్డ్ ముక్క, ఈ రెండింటితో కరిగిన భాగపు ఆకారం కలిస్తేనే ఉష్ణపు లెక్కను నమ్మాలి. అది కలవకుండా వికృతుల దగ్గరికి వెళ్లడం వృథా. లోపలి ప్రతిబలాలను చూడాలంటే ఉపరితలానికి ఎక్స్ కిరణాలు చాలు, ఉక్కులో కొన్ని సెంటీమీటర్ల లోతుకు న్యూట్రాన్ వివర్తనం కావాలి. వస్తువును వైరు ఇ.డి.ఎం.తో (విద్యుత్ మెరుపులతో కోసే తీగతో) రెండుగా కోసి, కోత ముఖం ఎలా ఉబ్బిందో కొలిచి ప్రతిబలాన్ని వెనక్కి లెక్కించే కాంటూర్ పద్ధతిని ప్రైమ్ 2001లో ప్రచురించాడు. మందపాటి వస్తువులకు అది చాలా అనువైనది, వస్తువు పోతుందన్నదే ఇబ్బంది.

ఇప్పుడు తగ్గించే మార్గాలు. వీటిలో మొదటిది, అన్నిటికన్నా చవకైనది, తక్కువ లోహం నింపడం. 100 మిల్లీమీటర్ల ప్లేటుకు 60 డిగ్రీల సింగిల్ వి గాడి తీస్తే, రూట్ గ్యాప్ వదిలేసినా మీటరు వెల్డ్‌కు దాదాపు 45 కిలోల లోహం పోయాలి. డబుల్ వికి అందులో సగం, 23 కిలోల లోపు. 16 మిల్లీమీటర్ల వెడల్పున్న న్యారో గ్యాప్ (ఇరుకైన, దాదాపు నిలువు గోడల) గాడికి 13 కిలోల లోపే. వెల్డింగ్ గంటలు, ఎలక్ట్రోడ్ ఖర్చు సంగతి అటుంచితే, రెక్కలను పైకి లాగే కారణమే గాడి నుంచి తొలగిపోతుంది: అడుగు పొరా పై పొరా ఒకే వెడల్పులో ఉంటే అవి ఇంచుమించు సమానంగా కుదించుకుంటాయి. న్యారో గ్యాప్‌లో మరో ఇబ్బంది పొంచి ఉంటుంది. పాసులు పడేకొద్దీ గాడి గోడలు దగ్గరపడి, పైకి వచ్చేసరికి టార్చ్ దూరే చోటు చాలకుండా పోతుంది. అందుకే గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇచ్చి, మూసుకుపోయే మేరకు పైన ముందే వెడల్పు ఉంచుతారు. ఆ వాలు ఎంత ఉండాలన్నది డిస్టార్షన్ లెక్క చెప్పవలసిన విషయం; దాన్ని ఊహకు వదిలేస్తే టార్చ్ గాడి మధ్యలో ఇరుక్కుపోతుంది.

డబుల్ వి గాడి ఎంచుకున్నంత మాత్రాన కోణీయ వంపు దానంతటదే రద్దవదు. మొదటివైపు నింపేటప్పుడు ప్లేట్లకు అడ్డు లేదు. రెండోవైపు నింపేటప్పుడు మొదటివైపు లోహం గట్టిగా అడ్డుపడుతుంది. రెండు వైపులా సమానంగా ఉన్నా, ఒకవైపు పూర్తిగా నింపి తిప్పితే మొదటి వైపు వంపే మిగులుతుంది. కొన్ని పాసులకోసారి తిప్పుతూ పోతే రెండు లాగుళ్లూ ఇంచుమించు సమానమవుతాయి. తిప్పడానికి క్రేన్ దొరకదని, బరువు ఎక్కువని సాకులు వినిపిస్తుంటాయి. తిప్పడం నిజంగా కుదరని చోట రెండు వైపులా ఇద్దరు వెల్డర్లు ఒకేసారి పనిచేసే నిలువు అమరిక ఆలోచించాలి. రూట్‌ను వెనక నుంచి గౌజింగ్ చేస్తే (చెక్కి శుభ్రం చేస్తే) రెండోవైపు గాడి పెద్దదవుతుందన్నది కూడా లెక్కలో ఉండాలి. డ్రాయింగ్‌లో సమానంగా కనిపించే రెండు గాడులు గౌజింగ్ తరువాత సమానంగా ఉండవు.

చిన్న చిన్న పాసులు వేస్తే వేడి తక్కువ, కాబట్టి వంకరా తక్కువ అనే నమ్మకం బలంగా ఉంది. పలుచని రేకుకు అది నిజమే. మందపాటి గాడిని నింపవలసిన వైశాల్యం మారదు కాబట్టి, దాన్ని ఎన్ని ఎక్కువ పాసులుగా చీలిస్తే అన్నిసార్లు లోహం వేడెక్కి కుదించుకుంటుంది. సాధారణంగా తక్కువ సంఖ్యలో పెద్ద పాసులే కోణీయ వంపును తగ్గిస్తాయి. 30 వోల్టులు, 600 ఆంపియర్లు, సెకనుకు 10 మిల్లీమీటర్ల వేగంతో నడిచే సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ (ఫ్లక్స్ పొడి కింద మండే ఆర్క్) మిల్లీమీటరుకు 1.8 కిలోజౌళ్ల వేడి ఇస్తుంది. ఇంకా పెంచుకుంటూ పోవచ్చా అంటే, అక్కడ లోహశాస్త్రం చేయి పట్టుకుంటుంది: వేడి మితిమీరితే వెల్డ్ పక్క ప్రాంతపు దృఢత్వం పడిపోతుంది. వెల్డింగ్ ప్రొసీజర్ అనుమతించే హద్దులోపల పై అంచుకు దగ్గరగా పనిచేయడమే ఇక్కడ తెలివి.

ఇక బిగింపు సంగతి. స్ట్రాంగ్‌బ్యాక్‌లు (ప్లేట్లకు అడ్డంగా అతికే తాత్కాలిక ఉక్కు పట్టీలు), క్లాంపులు, భారీ ఫిక్స్చర్లు వంకరను కచ్చితంగా తగ్గిస్తాయి. మొదట చెప్పిన బేరం గుర్తుందా, అణిచిన వంకర ప్రతిబలంగా లోపలికి వెళుతుంది. పలుచని రేకులో అది పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. మందపాటి ప్లేటులో ప్రతిబలం మూడు దిశల్లోనూ పేరుకుంటుంది, వెల్డ్‌లో చిక్కుకున్న హైడ్రోజన్ తోడైతే వెల్డింగ్ ముగిసిన గంటల తరువాత కూడా చల్లని పగుళ్లు విచ్చుకోవచ్చు. ప్లేటు మందం దిశలో లాగుడు పడితే పొరలు విడిపోయే లామెల్లార్ టేరింగ్ కూడా ఉంది. అందువల్ల బిగింపుతో పాటు ప్రీహీట్ (వెల్డింగ్‌కు ముందే ప్లేటును వేడి చేయడం) తప్పనిసరి అనుకోవాలి. ప్రీహీట్ వల్ల వంకర పెరుగుతుందా తగ్గుతుందా అన్నది దాన్ని ఎక్కడ, ఎంత వెడల్పున ఇచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. పగుళ్లను ఆపడానికి దాన్ని వాడండి, వంకర తగ్గించే మందుగా లెక్కపెట్టుకోకండి.

బిగించడం కన్నా ముందే ఎదురు వంపు ఇవ్వడం నాకు ఎక్కువ ఇష్టం. ప్లేట్లు మూడు డిగ్రీలు పైకి లేస్తాయని తెలిస్తే, మూడు డిగ్రీలు కిందికి వాల్చి మొదలుపెట్టండి. లోహం తన దారిన తాను కదిలి సమతలానికి వస్తుంది, లోపల అదనపు ప్రతిబలమూ మిగలదు. ఎంత వాల్చాలో చెప్పేది లెక్కే. ఒక అసలు సైజు నమూనా ముక్కను వెల్డ్ చేసి ఆ లెక్కను సరిచేసుకుంటే ఇంకా మంచిది. సిలిండరు గోడకు మందపాటి నాజిల్‌ను (గొట్టపు మూతిని) అతికేటప్పుడు, చుట్టుకొలతను భాగాలు చేసి ఎదురెదురు భాగాలను మార్చి మార్చి వెల్డ్ చేయడం, ఒక్కో భాగాన్ని వెనకడుగు పద్ధతిలో (చిన్న ముక్కలుగా, పని సాగే దిశకు ఎదురుగా) నడపడం, మొదటి రెండు మూడు పొరలు పడ్డాక ఆగి కొలిచి మిగిలిన వరుసను ఆ కొలతను బట్టి మార్చుకోవడం, ఇవన్నీ కాగితం మీద కన్నా పని మీదే పరీక్షకు నిలుస్తాయి. కొలిచి మార్చుకునే హక్కు వెల్డింగ్ ప్లానులోనే రాసి ఉండాలి. లేకపోతే ఎవరూ ఆ ధైర్యం చేయరు.

కొలత ఎంత ఖరీదైన విషయమో చూడాలంటే ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ (కేంద్రక సంలీన) యంత్రపు వాక్యూమ్ పాత్రను చూడండి. స్టెయిన్‌లెస్ ఉక్కుతో రెండు గోడలుగా, 60 మిల్లీమీటర్ల మందపు షెల్లులతో కట్టే ఆ పాత్ర 40 డిగ్రీల చొప్పున తొమ్మిది సెక్టార్లుగా తయారవుతుంది. ఒక్కో సెక్టారు సుమారు 440 టన్నులు. షాపులో వెల్డ్ అయి వచ్చిన సెక్టార్లను మళ్లీ ఒకదానికొకటి అతకాలి. అతికే అంచుల వద్ద కొలతలు కోరినట్టు లేవని ఆ సంస్థ 2022 నవంబరులో వెల్లడించింది. సైటులో సెక్టార్లను కలిపే ఆటోమేటిక్ వెల్డింగ్ యంత్రాలకు అంచులు సమంగా ఉండి తీరాలి కాబట్టి మరమ్మతు తప్పలేదు. అప్పటికే యంత్రాన్ని అమర్చే గుంతలో దించిన సెక్టారును 2023లో బయటికి తీశారు. తక్కువగా ఉన్న చోట వెల్డ్ లోహంతో నింపి, ఎక్కువగా ఉన్న చోట మెషీన్ చేసే ఆ పనిలోనూ, నింపే లోహం మళ్లీ వంకర పెట్టకుండా చూసుకోవాలి. అంత పెద్ద వస్తువులో చివరి అంచు కొలత అంటే అంతకు ముందు వేసిన వందల వెల్డ్‌ల కుదింపుల మొత్తం. ఏ ఒక్కదాన్నీ విడిగా నిందించలేం.

ఇన్ని చేశాక కూడా మిగిలే వంకరకు మంటతో సరిచేయడం ఒక దారి. మంట పనిచేసేది కూడా అదే సూత్రం మీద, వేడెక్కిన చోటు అణిగి కుదించుకోవడం మీద. మామూలు ఉక్కును 650 డిగ్రీలకు మించి, క్వెంచ్ చేసి టెంపర్ చేసిన ఉక్కును 600కు మించి వేడి చేయకూడదన్నది అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వారి నిర్మాణ వెల్డింగ్ కోడ్ పెట్టిన హద్దు. 60 మిల్లీమీటర్ల ప్లేటులో ఒకవైపు మంట రెండోవైపుకు చేరేలోపు చుట్టూ పాకిపోతుంది, ఫలితం చాలా తక్కువ. సుత్తితో కొట్టి లోహాన్ని సాగదీసే పీనింగ్ మధ్య పొరలకు పనికొస్తుంది గానీ రూట్ పొరకూ పై పొరకూ వద్దని అదే కోడ్ చెబుతుంది.

చివరగా స్ట్రెస్ రిలీఫ్ (కొలిమిలో వేడి చేసి లోపలి ప్రతిబలాలు తగ్గించడం), మెషీనింగ్. కార్బన్ ఉక్కు కట్టడాన్ని 600 డిగ్రీల దగ్గర, ప్రతి 25 మిల్లీమీటర్ల మందానికి గంట చొప్పున ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ ఉష్ణోగ్రతలో యీల్డ్ తగ్గి, లోపలి ప్రతిబలాలు కరిగిపోతాయి. ఫిక్స్చర్ నుంచి విప్పి కొలిమిలో పెడితే, విప్పినప్పుడే కట్టడం తన వంకరను తాను తీసుకుంటుంది. కొలిమి ఆ వంకరను సరిచేయదు, అలాగే స్థిరపరుస్తుంది. స్ట్రాంగ్‌బ్యాక్‌లతో సహా కొలిమిలో పెట్టి, చల్లారాక తీసేస్తే బిగింపు పెట్టిన ఆకారమే చాలావరకు నిలుస్తుంది. కొలిమిలో ఆధారాలు సరిగ్గా లేకపోతే సొంత బరువుకే కట్టడం కుంగుతుంది, ఆ కుంగు డ్రాయింగ్‌లో ఎక్కడా ఉండదు. మెషీనింగ్ ఎప్పుడూ స్ట్రెస్ రిలీఫ్ తరువాతే: ముందు చేస్తే, ప్రతిబలాన్ని మోస్తున్న పొరను కట్టర్ తీసేసిన కొద్దీ మిగిలిన లోహం కొత్త సమతుల్యం వెతుక్కుంటూ కదులుతుంది, మొదటి వైపు మెషీన్ చేసిన ముఖం రెండో వైపు ముగిసేసరికి చదునుగా ఉండదు. అందుకే మందపాటి ఫ్లాంజిలకు రెండు వైపులా అలవెన్సు ఉంచి, రఫ్ కోత రెండు వైపులా పడ్డాక వస్తువును ఒకసారి క్లాంపుల నుంచి విడుదల చేసి, మళ్లీ అమర్చి, అప్పుడే ఫినిష్ కోత మొదలుపెడతారు.